హ్యాండిల్ ఊపిన దొంగ

తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ నేను, మీ బావ, నీ మేనకోడలు బాగానే ఉన్నాం. నువ్వూ అక్కడ కులాసాగా ఉన్నావనుకుంటాను. నీ బండి కూడా క్షేమమే. ఆ మాట ముందు రాయకపోతే మిగతా ఉత్తరం నీ కళ్లకు ఆనదని నాకు తెలుసు.

పోయిన ఉత్తరంలో నాలుగు ప్రశ్నలు వేశావు. అక్క ఎలా ఉందన్నది వాటిలో లేదు, సరే పోనీ. హ్యాండిల్ లాక్ వేస్తున్నావా అన్నావు. వేస్తున్నాను. వేశాక రెండుసార్లు ఊపి చూస్తున్నావా అన్నావు. చూస్తున్నానురా నాయనా, చూస్తున్నాను! నాన్న వీధి తలుపు గడియ పెట్టి రెండుసార్లు గుంజితే గానీ పడుకునేవాడు కాదు. ఆ జబ్బు మనిద్దరికీ అంటించి పోయాడు. లాక్‌లో నూనె వేయించావా అన్నావు. వేయించాను, అదే నా కొంప ముంచింది. ఇక బండి పెట్టుకుని బస్సుల్లో ఎందుకు తిరుగుతున్నావన్నది నాలుగోది. నీ మేనకోడలి నోట్లో నువ్వుగింజ నానదు కదా! దానికి జవాబు రాయాలంటే ఒళ్లు మండుతుంది. అయినా రాస్తాను.

పది రోజుల కిందట ఒక అపార్టుమెంటులో నాలుగో అంతస్తు పెద్దాయనకు షుగర్ పరీక్ష కోసం రక్తం తీసి కిందికి దిగాను. ల్యాబుకు చేర్చాల్సిన సీసాలు ఇంకో ఐదు ఇళ్లవి నా పెట్టెలో ఉన్నాయి. గంటలో చేరకపోతే అన్నీ పారబోయాల్సిందే. తాళంచెవి పెట్టి తిప్పితే తిరగదు. అసలు తాళంచెవి నీ జేబులో వేసుకుని నువ్వు చక్కా పోయావు, నాకు మిగిల్చింది దాని నకలు. అది అరిగిపోతే దాన్ని చూసి ఇంకో నకలు చేయించుకున్నాను. తిప్పాను, ఊపాను, హ్యాండిల్ పట్టుకుని గుంజాను, విసుగొచ్చి చక్రాన్ని ఒక్క తన్ను తన్నాను.

అంతే, చెవి పక్కన ఈల మోగింది. అక్కడి వాచ్‌మన్ అన్నం తినేటప్పుడు తప్ప నోట్లోంచి ఈల తీయడు. "ఏయ్, ఎవరి బండి అది?" అన్నాడు. నాదే అన్నాను. కాగితాలు చూపించమన్నాడు. చూపించాను. అందులో ఉన్నది నీ పేరు.

"మా తమ్ముడిది" అన్నాను.

"దొరికినవాళ్లందరికీ ఒక తమ్ముడుంటాడమ్మా" అన్నాడు, చుట్టూ చేరినవాళ్లు నవ్వేలా.

నవ్వారు! నా వయసేమిటి, నా మెడలో వేలాడుతున్న కార్డేమిటి, ఎవడూ చూడలేదు. పై నుంచి పెద్దాయన మోచేతికి దూది నొక్కుకుంటూ బాల్కనీలోకి వచ్చి, "ఆవిడ దొంగ కాదయ్యా, ఇప్పుడే నా రక్తం తీసుకెళ్లింది!" అని కేకేశాడు. కింద ఎవడో, "విన్నారా, రక్తం కూడా ఎత్తుకుపోయిందట" అన్నాడు. నా పెట్టె లాక్కుని గేటు గదిలో పెట్టారు. నన్ను గోడ పక్కన నిలబెట్టారు. ఒరేయ్, నలభై నిమిషాలు నిలబెట్టార్రా!

చివరికి ఎవరో మెకానిక్‌ని పిలిచారు, నా దొంగతనం రుజువు చేయడానికి. అతను ఒక్క చూపు చూసి, "ఎవరక్కా ఇందులో ఇంజిన్ ఆయిల్ పోసింది? దుమ్ము పట్టి బంకయిపోయింది. పైగా బండి వాలులో పెట్టారు, చక్రం గట్టుకి తన్నుకుంది. బరువంతా లోపల పిన్ను మీదే ఉంది. గుంజేకొద్దీ బిగుస్తుంది" అన్నాడు. హ్యాండిల్‌ని లాక్ చేసిన వైపే ఇంకాస్త నెట్టి పట్టుకుని, తాళం మెల్లగా తిప్పాడు. టక్కున వచ్చేసింది. నూనె జోలికి పోవద్దనీ, పెన్సిల్ ముల్లు మెత్తగా నూరి ఆ పొడి కన్నంలో వేయమనీ, అసలు తాళంచెవి చూసే నకలు తీయించమనీ చెప్పాడు. కాబట్టి ముందు ఆ తాళంచెవి పంపు.

సీసాలన్నీ పాడయ్యాయి. ఆరుగురి చేతులకు మళ్లీ సూది గుచ్చాను. వాచ్‌మన్‌ని వదల్లేదు. "పదిమందిలో దొంగన్నావు, పదిమందిలో తప్పయిందను" అన్నాను. "మా డ్యూటీ మేం చేశామమ్మా" అన్నాడు. డ్యూటీ అట! మీ బావ, "పోనీలేవే, బండి ఎక్కడికీ పోలేదుగా" అన్నాడు. ఆ పూట ఆయనకు వంట చేయలేదు.

ఇక్కడిదాకా చదివి నువ్వు కూడా పళ్లు నూరుతూ ఉంటావు. కాస్త ఆగు. ఈ కింది సంగతి మీ బావకు కూడా తెలియదు.

మూడు నెలల కిందట ల్యాబు మేడ మీద కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. కింద సందులో ఒకాయన బండి హ్యాండిల్ ఊపుతున్నాడు, గుంజుతున్నాడు, చక్రాన్ని తంతున్నాడు. నేను ముందూ వెనకా ఆలోచించలేదురా. "దొంగ! దొంగ! పట్టుకోండి!" అని అరిచాను. నా గొంతు సంగతి నీకు తెలుసుగా. సందు సందంతా వచ్చి పడింది. ఆయన జేబులోంచి కాగితాలు తీసేలోపే కళ్లజోడు పగిలింది, కుడి చేతి బొటనవేలు విరిగింది. బండి ఆయనదే. లాక్ బిగుసుకుపోయింది, అంతే. నేను కిటికీ మూసేసి లోపలికి వెళ్లిపోయాను. కిందికి దిగలేదు. ఆయన పక్క వీధిలో వాచీలు బాగుచేస్తాడని తర్వాత తెలిసింది. వాచీలు బాగుచేసేవాడికి విరిగిన బొటనవేలు సరిగ్గా అతకకపోతే ఇంకేముంది చెప్పు?

అప్పుడు అయ్యో అనుకుని ఊరుకున్నాను. నన్ను గోడకి నిలబెట్టాక ఊరుకోలేకపోయాను. ఆ హ్యాండిల్ మీద చెయ్యి వేస్తే అది ఆయన చెయ్యిలాగే కనిపిస్తోంది. అందుకే బస్సు.

నిన్న ఆయన కొట్టుకి వెళ్లాను. నా ముఖం ఆయన ఎన్నడూ చూడలేదు. "నమస్కారమండీ" అన్నాను. తల ఎత్తకుండానే, "ఆ గొంతు మీదేనన్నమాట" అన్నాడు. తప్పయిందన్నాను, ఏడ్చాను కూడా. ఆయన ఎడమ చేత్తో ఒక వాచీ మూత తీయబోయి, చేతకాక పక్కన పెట్టాడు.

"ఇక్కడ చెప్తే ఎవరికి వినిపిస్తుందమ్మా? ఇప్పటికీ ఆ సందులో నన్ను చూసి బళ్ల తాళాలు తడుముకుంటున్నారు. అదే కిటికీలోంచి, అంతే గట్టిగా చెప్పండి" అన్నాడు.

ఈ రోజు పదిన్నరకి సందు నిండా జనం ఉన్నప్పుడు కిటికీ తెరిచాను. "వాచీలాయన దొంగ కాదు! తప్పుగా అరిచింది నేను!" అని కేకేశాను. ముగ్గురు తలలెత్తి చూశారు. ఒకడు నవ్వాడు. ఎవరి పనిలో వాళ్లు పడిపోయారు. దొంగ అంటే సందంతా పరిగెత్తుకొచ్చింది కదరా, దొంగ కాదంటే ఒక్కడి కాలూ కదల్లేదేం? మళ్లీ అరిచాను. మా పెద్దసారు వచ్చి, ఇంకోసారి అరిస్తే ఉద్యోగం ఊడుతుందన్నాడు. ఊడితే ఊడనీ. రేపు కూడా పదిన్నరకి ఆ కిటికీ తెరుస్తాను.

ఇట్లు,
నీ గొంతు పెద్ద అక్క