కోడలి కలలోకి వచ్చావట

రత్తమ్మా,

ఇవాళ ఇంట్లో నీకు చీర పెట్టారు. నాకంటే ముందు, పసుపు కుంకుమలతో పోయావు కాబట్టి నువ్విప్పుడు పేరంటాలివట. ఈ ఇంటి దేవతవట. గోడకు పసుపు రాసి, బొట్లు పెట్టి, అదే నువ్వన్నారు.

ఉన్నన్నాళ్లూ నీకు దేవుళ్లే లోకం. పిల్లల కోసం మోపిదేవి సుబ్బారాయుడు, జ్వరమొస్తే ఊరమ్మ, అది చాలక మోకాళ్ల నొప్పికి గుణదల మేరీమాత. "ఇంతమంది ఎందుకే, ఒక్కడు చాలడా?" అంటే, "అన్నీ ఒక్కడి మీదే వేస్తే పాపం ఎలా మోస్తాడండీ?" అన్నావు. వాళ్లందరికీ పంచావు గానీ, పక్కనే ఉన్న నాకు ఒక్క బాధా చెప్పలేదు. వాళ్లంటే నాకు అప్పట్నుంచే ఒళ్లుమంట.

ఇప్పుడు నువ్వూ వాళ్లలో కలిశావు. కోడలి కలలోకి వచ్చి ఆకుపచ్చ చీర అడిగావట. ఎదురింటి సుబ్బులు కలలోకీ వెళ్లావట, జాకెట్టు ముక్క పట్టుకొచ్చింది. బతికుండగా ఆవిడతో నీకు మాటల్లేవు కదే! నా కలలోకి మాత్రం ఒక్కసారీ రాలేదు.

"మావయ్యగారూ, మీరూ దణ్ణం పెట్టుకోండి. అత్తయ్యగారు ఏదడిగినా ఇస్తారండీ" అంది కోడలు.

"నా పెళ్లానికి నేను దణ్ణం పెట్టడమేంటమ్మా!" అని కసిరాను.

అందరూ భోజనాలకు లేచాక పెట్టాను. అడిగింది ఒక్కటే. నా కలలోకీ ఓసారి రా. వచ్చేటప్పుడు ఆ దేవుళ్లనెవరినీ వెంటబెట్టుకు రాకు.