కొంగ, ఉన్నిసాక్సు

సెప్టెంబర్ 3
కయాని టౌన్లో ఉన్న మా పెద్దాఫీసు నుంచి మెయిల్. వెబ్‌లో ఉచితంగా దొరికే టూల్స్ లైబ్రేరియన్లందరూ వాడి చూడాలట. పనికొచ్చేవైనా సరే, సరదావైనా సరే. యాభై ఏడేళ్ళు వచ్చాక నాకు హోంవర్క్. మా లైబ్రరీలో ఉన్నది నేనూ తెయ్యా ఇద్దరమే. తెయ్యాకి కంప్యూటర్లంటే భయం లేదు, ఓపికా లేదు. నువ్వు చెయ్యి, నేను మెచ్చుకుంటాను అంది.

సెప్టెంబర్ 5
పోస్టర్లు తయారుచేసే టూల్ పట్టాను. పిల్లల కథల గంట కోసం ఒక దుప్పి బొమ్మ పెడితే అది తలకిందులైంది. సరిచేయబోతే రెండు దుప్పులయ్యాయి. అలాగే ప్రింట్ తీసి తలుపుకి అంటించాను. పిల్లలకి తెగ నచ్చింది.

సెప్టెంబర్ 8
పాస్‌వర్డ్ మరిచిపోయాను. కొత్తది పెట్టుకున్నాను. అదీ మరిచిపోయాను.

సెప్టెంబర్ 16
ఇవాళ దొరికింది అసలైనది. మ్యాప్ మీద ఫోటోలు పెట్టే టూల్. మా నేలమాళిగలో పాత ఫోటోల పెట్టెలున్నాయి. ఏ ఫోటో ఎక్కడ తీశారో ఎవరికీ తెలియదు. ఒక్కొక్కటే పేజీలో పెడితే, గుర్తుపట్టినవాళ్ళు మ్యాప్ మీద పిన్ గుచ్చి కింద కామెంట్ రాయొచ్చు. తమ ఫోటోలు కూడా పెట్టుకోవచ్చు. సొంత పేరు అక్కర్లేదు, మారుపేరు చాలు. మెయిల్ ఐడీ మాత్రం అడ్మిన్‌కి, అంటే నాకు, కనిపిస్తుంది.

సెప్టెంబర్ 22
ఎవరూ రాలేదు. తెయ్యా ఒక్కతే తన ఇంటి మీద పిన్ గుచ్చి, ఇక్కడ మంచి కాఫీ దొరుకుతుంది అని రాసింది.

సెప్టెంబర్ 29
మా ఊరి పేపర్లో చిన్న వార్త వేశారు. దాంతో జనం ఎగబడ్డారు. అందరిలోకీ ఇద్దరు మరీ జోరు. ఒకరి పేరు కొంగ, ఇంకొకరిది ఉన్నిసాక్సు. సరస్సు ఒడ్డున ఉన్న ఒక చెక్క షెడ్డు ఫోటో గురించి పొద్దున్నుంచీ వాదులాట. అది డాన్సుల పందిరి అని కొంగ. "కొంగగారూ, తమరు అక్కడ డాన్సు చేశారేమో గాని, అది పాల డిపో. కాళ్ళ కింద క్యాన్లు తగల్లేదా?" అని ఉన్నిసాక్సు. నేను కౌంటర్లో కూచుని పైకే నవ్వాను.

అక్టోబర్ 4
చెయ్యకూడనిదేం చెయ్యలేదు. ఎక్కువ పిన్‌లు గుచ్చినవాళ్ళకి థ్యాంక్స్ మెయిల్ పంపుదామని లిస్ట్ తెరిచాను, అంతే.
కొంగ ఉర్హో. ఉన్నిసాక్సు ఎల్వీ.
నా చేతిలో కాఫీ చల్లారిపోయింది.
ఎల్వీ ఉర్హోకి సొంత అక్క. వాళ్ళమ్మ పోయిన మరుసటి వేసవిలో ఉర్హో సరస్సు ఒడ్డున ఉన్న తమ సౌనాని, అంటే పొయ్యి రాజేసి ఆవిరి స్నానం చేసే చెక్కగదిని, కూల్చేశాడు. అక్కనొక మాట కూడా అడగలేదు. అమ్మ ఆ ఇద్దర్నీ కన్నది ఆ సౌనాలోనే. అప్పట్నుంచీ ఎల్వీ అతనితో మాట్లాడదు. ఎదురైతే రోడ్డుకి అవతలి పక్కకి వెళ్ళిపోతుంది. ఉర్హో రోజూ మేం తలుపు తియ్యగానే వచ్చి పేపర్ల బల్ల దగ్గర కూచుంటాడు. ఎల్వీ గురువారం మధ్యాహ్నం వస్తుంది, అదీ బయట అతని సైకిల్ లేదని చూసుకున్నాకే.
పేజీలో మాత్రం ఒకళ్ళనొకళ్ళు "మీరు" అని, "గారు" అని పిలుచుకుంటూ ఆడుకుంటున్నారు.

అక్టోబర్ 9
తెయ్యా ఆ కామెంట్లు చదివి పడీపడీ నవ్వుతోంది. ఈ ముసలాళ్ళిద్దరికీ పెళ్ళి చేసెయ్యాలి అంటోంది. పాఠకుల సంగతులు కౌంటర్ దాటకూడదు. ఈ ఉద్యోగంలో మొదట నేర్చుకున్నది అదే. కానీ ఇంత మంచి సంగతి కడుపులో దాచుకోవడం కొత్త.

అక్టోబర్ 17
ఎల్వీ వచ్చింది. పుస్తకాలు తిరిగిచ్చి, టోపీ తియ్యకుండానే నా మీదికి వంగింది.
"ఐలా, ఆ కొంగ ఎవరే?"
"చెప్పకూడదండీ."
"మంచివాడేనా?"
"పాఠకులందరూ మంచివాళ్ళే."
"అబ్బో! మంత్రిగారిలా మాట్లాడుతున్నావ్. పేరొద్దులే. ఈ ఊరివాడేనా, అది చెప్పు."
"ఎల్వీ గారూ, మీ గురించి ఎవరైనా అడిగినా నేనిలాగే చెప్తాను."
"సరేలే, ఉద్యోగం పోగొట్టుకోకు," అని కొత్త పుస్తకాలేవీ తీసుకోకుండా వెళ్ళిపోయింది. ఎప్పుడూ ఒట్టి చేతుల్తో వెళ్ళే మనిషి కాదు.

అక్టోబర్ 20
టూల్ కంపెనీ నుంచి మెయిల్. ఈ నెలాఖరుతో ఉచిత వెర్షన్ బంద్. ప్రీమియం తీసుకోకపోతే అన్నీ డిలీట్. పెద్దాఫీసుకి ఫోన్ చేస్తే బడ్జెట్ లేదన్నారు. ఇంకో ఉచిత టూల్ చూసుకో అన్నారు, ఇంకో బస్సెక్కు అన్నట్టు. ఫోటోలు మా దగ్గరే ఉంటాయి. కామెంట్లు మాత్రం బయటికి రావట. పేజీలో నోటీసు పెట్టాను.

అక్టోబర్ 22
ఉన్నిసాక్సు తన సొంత ఫోటో పెట్టింది. ఒడ్డున సౌనా, చిమ్నీలోంచి పొగ, మెట్ల మీద తువ్వాలు చుట్టుకుని నవ్వుతున్న ఒకావిడ. కింద ఒకే ఒక్క ప్రశ్న.
"కొంగగారూ, మీకు ఈ ఒడ్డంతా తెలుసు కదా. ఈ సౌనా ఇప్పుడెందుకు లేదు?"

అక్టోబర్ 23
జవాబు లేదు. ఉర్హో పొద్దున వచ్చాడు. పేపర్లో ఒకే పేజీ ముందు పెట్టుకుని కూచుని వెళ్ళిపోయాడు.

అక్టోబర్ 24
లేదు. తెయ్యా కూడా నవ్వడం మానేసింది. ఆ మెట్ల మీద ఉన్నది ఉర్హో వాళ్ళమ్మని తనూ గుర్తుపట్టింది.

అక్టోబర్ 25, పొద్దున
జవాబు వచ్చింది. మొత్తం ఇక్కడ రాసుకుంటున్నాను.
"ఉన్నిసాక్సుగారూ, మీరెవరో నాకు తెలియదు కాబట్టి రాయగలుగుతున్నాను. ఇది చదివితే నేనెవరో ఊరంతటికీ తెలిసిపోతుంది. పోనీ. ఎలాగూ ఈ పేజీ పోతోందిగా. కూల్చింది నేనే. నేల పుచ్చిపోయిందని అందరికీ చెప్పాను. పుచ్చిన మాట నిజమే. కానీ నాలుగు పలకలు మారిస్తే సరిపోయేది. అమ్మ పోయాక శనివారం శనివారం నేనొక్కణ్నే పొయ్యి రాజేసుకునేవాణ్ని. పై బల్ల మీద కూచుంటే బయటి గదిలో అమ్మ చెక్కచెప్పుల చప్పుడు వినపడేది. ఒకరోజు మరీ దగ్గరగా వినపడింది. నీళ్ళు తెచ్చావా అమ్మా, అని తలుపు తీశాను. ఎవరూ లేరు. మర్నాడు గొడ్డలి తీశాను. అది ఇంకొకరికి కూడా పుట్టిల్లేనని ఆ పూట గుర్తు రాలేదు. గుర్తొచ్చేసరికి గోడలు లేవు."

అదే రోజు, మధ్యాహ్నం
తెయ్యా వెనక గదిలోకి వెళ్ళి ముక్కు చీదుకుని వచ్చింది. జలుబట.

అక్టోబర్ 26
ఉన్నిసాక్సు రాసింది.
"నాకూ వినపడేదిరా. అడిగి ఉంటే నేనూ ఓ గొడ్డలి పట్టుకొచ్చేదాన్ని."
ఇన్నాళ్ళూ "గారూ, మీరూ" అనుకున్నారు. ఇవాళ "రా" అంది.

అక్టోబర్ 28
ఉర్హో రావడం లేదు. పేపర్ల బల్ల దగ్గర అతని కుర్చీలో ఎవరూ కూచోవడం లేదు. అతనికేమైనా అయితే? ఈ ఆట మొదలుపెట్టింది నేను. ఇంటికి వెళ్ళి చూద్దామా అనుకున్నాను. కోటు కూడా వేసుకున్నాను. ఏమని వెళ్ళను? మీ మెయిల్ ఐడీ చూశానని చెప్పనా? కోటు విప్పేశాను.

అక్టోబర్ 30
ఎల్వీ వచ్చింది. ఏలకుల బన్నులు తెచ్చింది, ఇంకా వేడిగా ఉన్నాయి.
ఎప్పటినుంచి తెలుసని అడిగాను.
"నిన్ను అడిగిన రోజునుంచే."
"నేనేం చెప్పలేదే!"
"చెప్పలేదులే, కంగారుపడకు. ఎవరే అని అడిగితే ఖాళీగా ఉన్న ఆ పేపర్ల బల్ల వైపు చూశావ్. నోరు బాగానే కట్టేసుకున్నావ్, కళ్ళు వదిలేశావ్."
నా మొహం మండిపోయింది. ఆమె నా చెయ్యి తట్టింది.
నిన్న రాత్రి ఉర్హో ఫోన్ చేశాడట. ఏమీ మాట్లాడలేదట, ఊపిరి మాత్రం వినపడిందట. తనూ ఏమీ మాట్లాడలేదట. కానీ ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టెయ్యలేదట.
"బిల్లు వాడికే పడుతుంది," అని ఒక బన్ను తుంచి నాకిచ్చింది.

అక్టోబర్ 31
పేజీ పోయింది. తెరిస్తే తెల్లటి స్క్రీన్. బయట మొదటి మంచు పడుతోంది.

నవంబర్ 6
పొద్దున తలుపు తీసేసరికి అక్కాతమ్ముళ్ళిద్దరూ లైబ్రరీ మెట్ల మీద ఉన్నారు. లోపలికి వచ్చి ఒకే పేపరు పట్టుకుని చెరో వైపు లాగుతూ పోట్లాట మొదలుపెట్టారు. అమ్మ చేపల సూపులో పాలు ముందు పోసేదా, ఉప్పు ముందు వేసేదా అని. గొంతులు పిల్లల సెక్షన్ దాకా వినపడుతున్నాయి. ఒకాయన తలెత్తి నావైపు చూశాడు, ఊరుకోమని చెప్పవేం అన్నట్టు.
చెప్పలేదు.