ఎత్తినవాడూ చేసినవాడూ

పెనుకొండ,
ఆదివారం.

ప్రియమైన నాయనకు,

ఫోన్ ఉండగా ఈ పిల్ల ఉత్తరం ఎందుకు రాసిందా అనుకుంటావు. కారణం నువ్వే. ఎప్పుడు చేసినా రెండో రింగుకే ఎత్తుతావు. వెనక హారన్లు మోగుతుంటాయి. "చెప్పు మంజూ, బండి తోల్తాండా, పర్వాలేదు చెప్పు" అంటావు. పర్వాలేదని నీకు ఎవరు చెప్పారు? ఇకమీదట నా మాట నీకు కాగితం మీదే వస్తుంది. స్టీరింగు పట్టుకుని ఉత్తరం చదవలేవు కదా. చదివినా చదువుతావు, నిన్ను నమ్మలేను.

మొన్న పొద్దున మా కంపెనీ వ్యాను పెనుకొండ నుంచి హిందూపురం పోతూ రోడ్డు దిగి శెనక్కాయల చేలో పడింది. లోపల అందరం ఆడవాళ్లమే, షర్టులు కుట్టే వాళ్లం. నాకు మోచేయి గీసుకుపోయింది, అంతే. నా గది పక్కనే ఉండే మేరీకి తొడ ఎముక విరిగింది. పుట్టపర్తి ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు. డ్రైవరు ఎవరో తెలుసా? నీ శిష్యుడు శివకృష్ణ. ఒక చేయి స్టీరింగు మీద, ఒక చేయి చెవి దగ్గర. మలుపులో ఎదురుగా ట్రాక్టరు వస్తే తిప్పడానికి రెండో చేయి లేదు. నేను నా కళ్లతో చూశాను.

నేను ఊరుకునేదాన్నా? ఒక అర్జీ రాశాను. ఫోన్ మాట్లాడుతూ బండి తోలేవాడికి లైసెన్సు మళ్లీ రాకుండా తీసేయాలి, శివకృష్ణతోనే మొదలుపెట్టాలి అని. ఫ్యాక్టరీ గేటు ముందు టీ కొట్టు దగ్గర నిలబడి సంతకాలు అడిగాను. జనం అభిప్రాయం వినాలంటే అక్కడ నిలబడాలి నాయనా! ఒక పెద్దాయన "ఉరి తీయాలమ్మా ఇట్లాంటోళ్లను" అన్నాడు. అంటూనే చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని స్కూటరు స్టార్టు చేశాడు. ఇంకొకడు "చట్టం మంచిదే గానీ అది బెంగుళూరుకు మేడం, మన రోడ్డుకు యాల?" అన్నాడు. ఒకామె మాత్రం "పోలీసోళ్లే మాట్లాడతాంటారు, వాళ్లను పట్టుకునేది ఎవురు?" అంది. అయినా అందరూ సంతకం పెట్టారు. మొదటి సంతకం ఎవరిదనుకున్నావు? మా సూపర్‌వైజరు ఉదయ్ కుమార్ సార్‌ది. తన పెన్నే ఇచ్చాడు.

వచ్చే వారం హిందూపురంలో రవాణా అధికారి విచారణ పెట్టారు. సాక్షిని నేనే. అర్జీ అక్కడే ఇస్తాను.

నీ మీద కోపంతోనే,
నీ కూతురు
మంజులత.


ధర్మవరం,
గురువారం.

ప్రియమైన మా ఇంటి ఇన్‌స్పెక్టరమ్మకు,

నీ ఉత్తరం బండి ఆపి, ఇంజను కూడా ఆపి చదివాను. రాసుకో.

మీ అమ్మ మగ్గం మీద నుంచి దిగకుండానే "ఏమంటాది?" అని అడిగింది. "నన్ను జైల్లో ఏపిస్తాదంట" అన్నాను. "ఎప్పుడో ఏయాల్సింది" అని మళ్లీ పోగులు చూసుకుంది. మోచేతికి పసుపు పెట్టుకోమంది. మేరీ లేచి నడిచేదాకా వాళ్లమ్మకు తోడుగా ఉండమంది. నేనూ అదే చెప్తున్నాను.

ఇక శివకృష్ణ సంగతి. వాడు నిన్న నా దగ్గరకు వచ్చాడు. బాగా ఏడ్చాడు. "పెండ్లాం ఫోన్ చేసింది మామా, బిడ్డకు జ్వరమంటే ఎత్తినా" అన్నాడు. వాడు నా చేతి కింద స్టీరింగు నేర్చుకున్నవాడు మంజూ. లైసెన్సు పోతే వాడికి ఇంకో పని రాదు. ఆ అర్జీ చించేయమని అడుగుతున్నాను.

నీకు చట్టం కాగితం మీద కనపడుతుంది. నాకు డ్రైవరు సీట్లో కనపడుతుంది. నేతగాళ్ల ఇళ్ల దగ్గర చీరలు ఎత్తుకుని అంగడికి చేర్చేలోపల సావుకారు ఎన్నిసార్లు చేస్తాడో తెలుసా? "యాడుండావు? ఇంకా యాడుండావు?" ఇప్పుడే చెప్పిన చోటు దాటి నాలుగు బారలు పోయుంటాను, మళ్లీ మోగుతుంది. ఎత్తకపోతే డ్రైవరుకు పొగరు అంటారు. ఎత్తితే డ్రైవరుకు బుద్ధి లేదు అంటారు. మా ఆటో స్టాండు రామాంజనేయులు ఏమంటాడంటే, "చట్టం చేసినోళ్లందరికీ డ్రైవర్లుండారప్పా, వాళ్లకేం తెలుస్తాది" అని. వాడి మాటలో అబద్ధం ఉందా?

చలానా రాయనీ, తిట్టనీ. అన్నం మాత్రం తీయొద్దు.

కోపం తగ్గాక జవాబు రాయి. తగ్గకపోయినా రాయి.

మీ నాయన
కుమారస్వామి.


పెనుకొండ,
ఆదివారం.

ప్రియమైన నాయనకు,

కోపం తగ్గలేదు. దారి మార్చుకుంది.

నీ ఉత్తరం చదివి మొదట నిన్నే తిట్టుకున్నాను. బిడ్డకు జ్వరమైతే వ్యాను పక్కకు ఆపి మాట్లాడకూడదా? వ్యానులో ఉన్న మేమెవరం, గుడ్డల మూటలమా? ఇదే మాట అనుకుంటూ పుట్టపర్తి పోయాను. కాలు పైకి కట్టి పడుకోబెట్టారు మేరీని. నన్ను చూడగానే, "ఏమే, నన్ను చూసేకి వచ్చినావా, వాన్ని తిట్టేకి వచ్చినావా?" అంది.

"రెండిట్లకూ" అన్నాను. "వాళ్ల ఆవిడ ఫోన్ చేసిందంట, పాపం!"

మేరీ నా మొహంలోకి చూసింది. "ఎవురు చెప్పింది నీకు? నేను వాని ఎనక సీట్లోనే కూసోనుంటి. ఆ ఫోను అరుపు నా చెవుల్లోనే పడె. పెండ్లాం మొగునికి ఫోన్ చేసి 'ఎల్లిద్దీయా, ఎల్లిద్దీయా' అని అరుస్తాదా?"

నాయనా, ఎల్లిద్దీయా అంటే కన్నడంలో యాడుండావు అని. శివకృష్ణ పెళ్లాం వాణిది నల్లచెరువు. ఆమెకు కన్నడం ఒక ముక్క రాదు, హిందూపురం సంతలో బేరం చేయడానికే నన్ను తోడు పిలిచేది. మరి కన్నడంలో అరిచేది ఎవరు? మా ఫ్యాక్టరీలో ఎవరినైనా అడుగు. ఉదయ్ కుమార్ సార్ మామూలుగా తెలుగు మాట్లాడతాడు, కోపం వస్తే కన్నడం. ఆ పొద్దున వ్యాను ఆలస్యమైంది. లైను మొదలుపెట్టాలి, మేము రాలేదు.

ఇప్పుడు అర్థమైందా అర్జీ మీద మొదటి సంతకం ఎందుకు పెట్టాడో? పెళ్లాం ఫోన్ అయితే అది డ్రైవరు సొంత గొడవ, కంపెనీకి సంబంధం లేదు, మేరీ ఆస్పత్రి ఖర్చుకు బాధ్యత లేదు. కంపెనీ పని మీద కంపెనీ మనిషి చేసిన ఫోన్ అయితే లెక్క వేరు. నేను ఎండలో నిలబడి తెచ్చిన సంతకాలన్నీ ఆయన దాక్కోవడానికి పనికొచ్చాయి. చట్టం మీద కోపం లేదు నాకు, చట్టం కావాలి. కానీ నా కోపాన్ని ఇంకొకడు వాడుకున్నాడే, అది మండుతోంది.

శనివారం సార్ నన్ను పిలిచాడు. మెత్తగా మాట్లాడాడు. "ఫోన్ మాట్లాడతా ఉన్నాడని చెప్పు చాలమ్మా. నిజమే గదా? ఎవురితోనో మనకెందుకు. లైన్లో నీ పని బాగుండాది, అట్లే ఉండనీ."

నిజమే. సగం నిజం.

తిరిగి వచ్చేటప్పుడు కొత్త వ్యానులో అందరినీ అడిగాను. "అర్జీ మీద సంతకం పెట్టినోళ్లు చేయెత్తండే." అందరూ ఎత్తారు. "ఈ పొద్దు వ్యాను రాలేదని డ్రైవరుకు ఫోన్ చేసి యాడుండావని అడిగినోళ్లు?" ఒక్కరూ ఎత్తలేదు. తర్వాత వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే, ఒక్కొక్కటిగా లేచాయి చేతులు. డ్రైవరు అద్దంలో చూస్తున్నాడు పాపం.

విచారణలో రెండు పేర్లూ చెప్తాను. ఉద్యోగం పోతే పోనీ. నిన్ను అడగడం లేదు నాయనా, చెప్తున్నాను. ఒక్కటే భయం. శివకృష్ణ అక్కడ నిలబడి "పెండ్లామే చేసింది" అంటే నేను అబద్ధాలకోరునవుతాను, మేరీ కాలు గాలికి పోతుంది.

మంజులత.


ధర్మవరం,
బుధవారం.

ప్రియమైన మంజులతకు,

ఈసారి ఎగతాళి చేయను.

నీ ఉత్తరం అందిన రోజే శివకృష్ణ ఇంటికి పోయాను. వాణి చెంబుతో నీళ్లిచ్చింది. ఆమె ముందరే అడిగాను. "ఆ పొద్దు ఫోన్ చేసింది ఈ పిల్లేనా రా?" వాడు తల దించుకున్నాడు. వాణి మాత్రం తల ఎత్తింది. "నేనా? నా పేరు చెప్పినావా?" అంది. ఆమెకు ఆ సంగతే తెలియదు మంజూ. ఊరంతా ఆమెను తిడుతుంటే ఎందుకు తిడుతున్నారో తెలియక తిరుగుతోంది. ఆ తర్వాత వాడికి ఆ ఇంట్లో జరిగిన పూజ నేను రాయను.

చివరికి చెప్పాడు. "కొన్నాళ్లు ఊరుకో, మళ్లీ బండి ఇస్తామన్నారు మామా. సార్ పేరు ఎత్తొద్దన్నారు." నేనన్నాను, "నా కూతురు ఎత్తుతాది. నువ్వొస్తావో రావో నీ ఇష్టం."

వస్తాడో రాడో నేను మాటివ్వలేను.

నువ్వు చెప్పు. మొత్తం చెప్పు. అర్జీ చించేయమని రాసింది నేనే, ఆ మాట తిరిగి తీసుకుంటున్నాను. కానీ ఒక మాట. సూపర్‌వైజరు మీద కోపంతో శివకృష్ణను వదిలేసి చెప్పొద్దు. వాడికి నేర్పింది నేను, అందుకే అంటున్నాను. ఫోన్ ఎవరు చేసినా చెవి దగ్గరికి పోయింది వాడి చేయే. తప్పు పెడితే ఇద్దరికీ పెట్టు.

నీ ఉద్యోగం సంగతి మీ అమ్మకు చెప్పాను. ఆ పూట మగ్గం చప్పుడు గట్టిగా వినపడింది.

మీ నాయన
కుమారస్వామి.


పెనుకొండ,
శనివారం.

ప్రియమైన నాయనకు,

చెప్పాను.

గదిలో అధికారి, ఉదయ్ కుమార్ సార్, కంపెనీ లాయరు, నేను. శివకృష్ణ రాలేదు. ముందు వాడి చేయి గురించి చెప్పాను, నువ్వన్నట్టే, తగ్గించకుండా. తర్వాత మేరీ విన్నది చెప్పాను. లాయరు నవ్వాడు. "ఒక కన్నడ మాట వినపడిందని మా సారేనంటే ఎట్లమ్మా? హిందూపురంలో సగం ఊరు కన్నడమే."

అప్పుడు తలుపు దగ్గర ఎవరో దగ్గారు. వాణి. మొగుణ్ణి చొక్కా పట్టుకుని తీసుకొచ్చింది. "చెప్పు" అంది వాడితో.

వాడు చెప్పాడు. ఫోనులో ఆ పొద్దుటి నంబరు తీసి బల్ల మీద పెట్టాడు.

సార్ మొహం మాడింది గానీ ఓడిపోలేదు. "అయితే ఏం సార్? ఫోన్ చేసినోడికి శిక్ష ఏయమని చట్టంలో యాడుండాది? ఎత్తినోడిదే తప్పు" అన్నాడు. అధికారి "చట్టంలో లేదు" అన్నాడు. నా వైపు చూడకుండా అన్నాడు.

"లేకపోతే లేకపోయె సార్. జరిగింది రాయండి" అన్నాను. "ఫోన్ చేసినోళ్లెవురో, ఎందుకు చేసినారో, బండి పోతాండాదని వాళ్లకు తెలుసో తెలీదో, అన్నీ రాయండి. రాసేకి చట్టం అడ్డం రాదు గదా."

రాశాడు. మొత్తం చదివాకే పెట్టాను, వేలిముద్ర కాదు, సంతకం.

శివకృష్ణ లైసెన్సు కొన్నాళ్లు ఆపేశారు. నాకు బాధ లేదు, వాణికి కూడా లేదనుకుంటాను. ఇద్దరూ అరటిపండ్లు తీసుకుని మేరీని చూడటానికి పోయారు. మేరీ పండ్లు తీసుకుని వాడితో మాత్రం మాట్లాడలేదట. ఆ కాగితం నకలు చూశాక కంపెనీ ఆస్పత్రి ఖర్చు భరిస్తామని ఒప్పుకుంది. నన్ను కుట్టు మిషను మీద నుంచి లేపి దారాలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఎంతకాలం కూర్చోబెడతారో చూస్తాను. నేనైతే లేచి పోను.

పాత అర్జీ చించేశాను. నువ్వు చెప్పినందుకు కాదు. అది సగమే ఉంది కాబట్టి. కొత్తది రాశాను. బండి తోలేటప్పుడు ఫోన్ ఎత్తను, తోలేవాడికి ఫోన్ చేయను, చేయించే యజమానికీ శిక్ష ఉండాలి అని. మళ్లీ అదే టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. "ఉరి తీయాల" అన్న పెద్దాయన మొత్తం చదివి, "ఇదేందమ్మా, ఇది మన మీదకే వస్తాదే" అని స్కూటరెక్కాడు. మొదటిదానికి కాగితాలు చాలలేదు. దీనికి ఒక వైపు కూడా నిండలేదు. వ్యానులో చేయెత్తిన వాళ్లలో కొందరు, వాణి, టీ కొట్టు ఆమె. నాకు వీళ్లే కావాలి. వీళ్లు అర్థమై పెట్టారు.

ఇందులో ఒక కాగితం నీకు పంపుతున్నాను. సావుకారు చేసినా ఎత్తననుకుంటేనే సంతకం పెట్టు. లేకపోతే ఖాళీగా తిప్పి పంపు, నేను కోప్పడను.

కోప్పడతాను.

మంజులత.


ధర్మవరం,
మంగళవారం.

ప్రియమైన మంజులతకు,

జవాబు ఆలస్యమైందని నన్ను ఎన్ని తిట్లు తిట్టుకుని ఉంటావో నాకు తెలుసు. కాగితం అందిన రోజే మీ అమ్మ సంతకం పెట్టేసింది. నేను పెన్ను తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నాను. కొన్నాళ్లు తోలి చూసుకుని పెడదామనుకున్నాను. మంచిదే అయింది. మరుసటి రోజే రైల్వే గేటు దాటుతూ ఎత్తేశాను. చేయి దానంతటదే పోయింది. అర్థమయ్యేలోపల "వస్తాండా సావుకారూ" అనేశాను. సిగ్గేసింది. ఎత్తని రోజులు మళ్లీ మొదటి నుంచి లెక్క పెట్టుకున్నాను.

తర్వాత ఎత్తలేదు. సావుకారు అంగట్లో అందరి ముందరా తిట్టాడు. "ఫోన్ యాల పెట్టుకున్నావు, పూజ చేసేకా?" అన్నాడు. "చీరలు వచ్చినాయా లేదా? టైముకు వచ్చినాయా లేదా?" అన్నాను. అతను చీరలు లెక్కపెట్టుకున్నాడు గానీ మదనపల్లి ట్రిప్పు వేరేవాడికి ఇచ్చాడు. ఇవ్వనీ. మిగిలినవి తోలుతాను. అవీ తీసేస్తే ఇంకో సావుకారు. ఎవరి దగ్గరకు పోయినా ముందే చెప్తాను, తోలేటప్పుడు మాట్లాడను అని.

ఈ పొద్దు పెట్టాను సంతకం. కాగితం ఇందులోనే ఉంది.

ఇంకో రెండు కాగితాలు పంపు. రామాంజనేయులు నాకూ ఇయ్యి పెడతానన్నాడు. ఇయ్యలేదు. "ముందు ఒక వారం ఎత్తకుండా తోలుకుని రాపో" అన్నాను. "నీ కూతురి కంటే నువ్వే ఎక్కువైనావే!" అని స్టాండంతా వినపడేట్టు తిట్టుకుంటా పోయినాడు.

వస్తాడు.

మీ నాయన
కుమారస్వామి.