పిన్ను కొట్టని పేజీలు

పద్మక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఆదివారం కూడా కావడంతో నాంపల్లి నుంచి నడుచుకుంటూ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీది మన పుస్తకాలాయన దగ్గరికి వెళ్లాను. "మూసీ వరదల మీద కొత్త నవల వచ్చిందమ్మా, మస్తుగున్నది. అక్క ఉంటే ముందుగాల తనే తీసుకుంటుండె," అన్నాడు. కొన్నాను.

నా కొడుకు ఇంటి నీళ్ల సంపులో పడి చనిపోయాక, ఈ కాలం కథైనా నిజాం కాలం కథైనా ప్రతి కొత్త నవలా ముందు నువ్వే చదివేదానివి. పిల్లలు చనిపోయే పేజీలుంటే కలిపి పిన్ను కొట్టి, "జర గీ నాలుగు పేజీలు ఇడిచిపెట్టు. కథేం పోదు, మిగిలింది మంచిగున్నది," అంటూ మీ ఇంటివైపు నుంచి పిట్టగోడ మీదుగా అందించేదానివి. నేను ఒక్క పిన్నూ విప్పలేదు.

ఈ పుస్తకానికి పిన్నుల్లేవు. మధ్యాహ్నం ఆ ఘట్టం రానే వచ్చింది. చాదర్‌ఘాట్ దగ్గర ఒకామె ఎవరి బిడ్డనో నీళ్లలోంచి బయటికి తీస్తుంది. తడిసిన ఒళ్లు ఎంత బరువుందో, ముక్కులోంచి నీళ్లెలా కారాయో అంతా రాశారు. ఆపకుండా చదివాను. నాకు తెలియని సంగతులవి.

ఆ రోజు సంపులోకి దిగింది నువ్వు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వాడికి ఒళ్లు తుడిచి, పొడిబట్టలు వేసి పడుకోబెట్టావు.

ఆ పేజీలన్నీ ఎట్లా చదివావక్కా? నీకెవరు పిన్ను కొట్టిచ్చారు?