అందరికీ చెప్పాడు, నాకు తప్ప

1965 మే 2, ఆదివారం

మళ్ళీ బర్మా ఆడవాళ్ళ లుంగీ కట్టించారు, చర్చి స్త్రీల సమాజం వాళ్ళు. "రంగూను బట్టల్లో మాట్లాడితేనే బాగుంటదక్కా." రంగూనులో పద్నాలుగేళ్ళు నేను కట్టింది నర్సు తెల్లచీరే. ఈ లుంగీ ఓడ ఎక్కేముందు ఎవరో చేతిలో పెట్టింది. ఎవరికి చెప్పను... కట్టాను. మాట్లాడాను. రేవు కూలీల గుడిసెల్లో పురుళ్ళు, కలరా, చివరికి మా మిషను ఆస్పత్రిని సర్కారు తీసుకుని మమ్మల్ని పొమ్మనడం. అంతా విని ఒక ముసలాయన లేచి — "ఆడ పాములు తింటారంట గదా?"

ఇలా మాట్లాడించిన సంఘాల్లో ఇది తొమ్మిదోది.

మే 4

పాస్టరు అయ్యగారు వచ్చారు. పదకొండున, మంగళవారం, నెల్లూరులో మిషను కమిటీ. నా తర్వాతి సేవ ఎక్కడో ఆ రోజు తేలుస్తారు. ఉన్నవి రెండు చోట్లు — కొడవలూరులో ఆడపిల్లల హాస్టలు, లేదా భద్రాచలం అవతల కొండల్లో ఆస్పత్రి. నేనే వెళ్ళి నోటితో చెప్పాలి. చెప్పకపోతే వాళ్ళే వేస్తారు.

"ప్రార్థనలో మీ గురించి ప్రభువు నాకు కొడవలూరు చూపించాడు రాహేలమ్మగారూ."

ఆ హాస్టలుకు వార్డెను లేక ఏడాదిగా అయ్యగారి భార్యే అవస్థ పడుతోంది. ప్రభువుకు ఆ సంగతి తెలిసే ఉంటుంది.

మే 5

తమ్ముడికీ చూపించాడట. కొడవలూరే. "బిట్రగుంటలో రైలెక్కితే ఎంతసేపక్కా, ఆదివారం ఆదివారం రావచ్చు." మద్రాసు నుంచి మిషను దొరసాని ఉత్తరం — ఆమెకు కొండలు చూపించాడు. మరదలు ఒక్కతే ఏమీ చూడలేదు. "నాకు పొయ్యిలో పొగ తప్ప ఏం కనపడద్ది వదినా."

ఈ ఇంట్లో నిజం మాట్లాడే మనిషి ఆమే.

మే 7

ఇరవై తొమ్మిదో ఏట రంగూను అని ఎంత స్పష్టంగా వినిపించింది! అనుమానమే లేదు. పెట్టె సర్దుకుని వెళ్ళాను. ఇప్పుడు మోకాళ్ళు నొప్పెట్టేదాకా అడిగినా చప్పుడు లేదు. ఊరందరికీ నా సంగతి చెప్పి నాకు మాత్రం చెప్పకపోవడం ఏం మర్యాద?

రాసేశాను. కొట్టెయ్యను.

మే 10, సోమవారం

మందుల చీటీల వెనక రాస్తున్నాను, సముద్రం ఒడ్డున, చేపలు పట్టే పట్టపువాళ్ళ పాళెంలో. తెల్లారకముందే ఒకాయన వచ్చి తమ్ముడి తలుపు కొట్టాడు. "మా కోడలికి నిన్న పొద్దున్నించి నొప్పులు. మంత్రసాని నా వల్ల కాదనేసింది. రంగూను అమ్మవి నువ్వేనంట గదా." సంచీ తీసుకుని నడిచాను. ఎనిమిది మైళ్ళు.

బిడ్డ అడ్డం తిరిగి ఉంది. ముసలమ్మలందరినీ బయటికి పంపాను. సాంబ్రాణి పొగ ఆపించాను. బొడ్డు కోయడానికి తెచ్చిన కొడవలి పక్కన పెట్టించాను. ఎందుకని ఒక్కరూ అడగలేదు. లోపలే తిప్పి, కాళ్ళు పట్టి తీశాను. ఆడపిల్ల. ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

చేతులు కడుక్కుని బయటికొస్తే డప్పులు. దారికి అడ్డంగా వేపమండలు గుచ్చిన తాడు! గంగమ్మ జాతరకు ఊరు కట్టేశారు. లోపలివాళ్ళు బయటికి పోరాదు, బయటివాళ్ళు లోపలికి రారాదు. బుధవారం సాయంత్రం దాకా.

రేపు కమిటీ.

పాళేనికి పెద్ద, పెద్దకాపు అంటారు, ఆయన దగ్గరికి పోయాను. నేను మీ దేవతను కొలిచేదాన్ని కాదు కదయ్యా అన్నాను.

"కొలవబాకమ్మా. ఎవురు కొలవమన్నారు? ఊళ్ళో ఉండావు గదా. కట్టు దాటితే ఊరికి కీడు."

కేకలేశాను. రంగూనులో డాక్టర్లే హడలిపోయే కేకలు. ఆయన కదిలితే కదా. "అరిస్తే ఎట్టమ్మా... కాసిని నీళ్ళు తాగు."

మే 11

పొద్దున్నే బాలింత అత్త నా చెవిలో — "సముద్రం పక్క కట్టుండదమ్మా. తడి ఇసక మీద నడిచి పో. నేను చూళ్ళేదనుకుంటా."

ఇప్పుడు బయలుదేరితే బిట్రగుంటలో మధ్యాహ్నం రైలు అందుతుంది. తల్లికి జ్వరం లేదు. బిడ్డ పాలు తాగుతోంది. ఉండిపోవడానికి వంక లేదు. చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళ దాకా వెళ్ళాను. నిలబడ్డాను. నిన్న ఆ గుడిసెలో నేను చెప్పిందల్లా చేశారు, కారణం అడక్కుండా. వాళ్ళది ఒక్క మాట నేను వినలేనా...

వెనక్కి వచ్చాను. వచ్చాక నా మీద నాకే మంట. మంచిదాన్నని అనిపించుకోవడానికి ఉన్నానా, కమిటీ ఎదుట నోరు విప్పలేక ఉన్నానా?

కొత్త కుండా బియ్యమూ తెచ్చి పెట్టారు. "మా చేతిది తింటావో తినవో అని." వాళ్ళ కుండలోదే తిన్నాను.

మే 13

ఇల్లు చేరాను. తమ్ముడు — "అమ్మోరి కట్టుకు లోబడి కూర్చున్నావా అక్కా!" అయ్యగారిదీ అదే మాట, ఇంకాస్త మెత్తగా. మరదలు చెంబుతో నీళ్ళిస్తూ — "బిడ్డ బతికిందా వదినా?" ఆ ప్రశ్న అప్పటిదాకా ఎవరూ అడగలేదు.

కమిటీ కాగితం అయ్యగారే తెచ్చారు. నేను హాజరు కాలేదు కనుక నా సమ్మతిగా భావించి కొడవలూరు వేశారట. జూన్ ఒకటిన చేరాలి. వేరే మాటేదైనా ఉంటే ఇరవయ్యో తేదీలోగా ఆయనకు చెప్పాలి.

సమ్మతి! నా నోరు వాళ్ళే కుట్టి వాళ్ళే విప్పుకున్నారు.

మే 17

బిడ్డను చూడటానికి పాళెం వెళ్ళాను. కాళ్ళు బాగా ఆడిస్తోంది. గుడిసె ముందు కడుపుతో ఉన్నవాళ్ళు నలుగురు వరసగా కూర్చుని ఉన్నారు, ఎవరు చెప్పారో. చూడక తప్పలేదు. ఒకామెకు కాళ్ళు వాచి ఉన్నాయి, రక్తం లేదు.

వచ్చేముందు పెద్దకాపు — "మేం మాట్లాడుకున్నామమ్మా. వలల కొట్టం ఖాళీ చేసిస్తాం. ఈడనే ఉండు. నీ తిండి మేం చూసుకుంటాం. ఒకటే మాట. నీ పుస్తకం మాత్రం తేబాక."

నాకు కోపం రావాలి. రాలేదు. అందుకే భయంగా ఉంది. బైబిలు లేకుండా అక్కడ నేనెవరిని? మంత్రసానిని. పద్నాలుగేళ్ళు సముద్రం అవతల చేసింది ఇందుకా?

మే 18

కమిటీకి ఉత్తరం. "కొడవలూరు రాలేను, ఎందుకంటే" — అక్కడ ఆగింది. చింపాను. మళ్ళీ రాశాను. అక్కడే ఆగింది. మూడోదీ చింపాక మరదలు — "ఇటియ్యి వదినా, పొయ్యి రాజేసుకుంటా."

మే 19

రేపు పొద్దున అయ్యగారు జవాబుకు వస్తారు. కొడవలూరు అంటే అందరికీ సంతోషం. పాళెం అంటే సంఘంలో నా పేరు ఉండదు. కాళ్ళు వాచిన ఆమెకు నెలలు నిండబోతున్నాయి.

మోకాళ్ళేశాను. పుస్తకం లేకుండా పాళెం పొమ్మని ఒక్క మాట నువ్వే అనరాదా ప్రభువా, అని అడిగాను. ఆయన మాట పక్కన పెట్టడానికి ఆయన్నే సెలవు అడగడం! సిగ్గేసింది. లేచాను.

మళ్ళీ మోకాళ్ళేసి అదే అడిగాను.