ముత్తమ్మ పరిచిన వరస

ఏసన్నా,

నువ్వు పోయాక ఇదే మొదటి తునికాకు సీజను. ములకలపల్లి పక్కన ఆకు ఆరబెట్టే మన కల్లం ఇప్పుడు నేనొక్కడినే చూస్తున్నాను. బీడీల ఆకు బాగానే వచ్చింది. మనుషులతోనే నావల్ల కావడం లేదు.

ఈ మధ్యాహ్నం ముత్తమ్మ ఆకు కట్టలను ఒకదానికొకటి ఆనించి ఎండకు పరిచింది. అలా పెడితే గాలి ఆడక బూజు పడుతుంది. నేనేమీ అనలేదు. అందరూ చూస్తుండగా వెళ్లి, ఆ వరసంతా తీసి నా చేత్తో మళ్లీ పరిచాను. తిట్టలేదు కదా అనుకున్నాను.

ముత్తమ్మ వెళ్లి ఇప్పచెట్టు కింద కూర్చుంది.

"నోరు లేదా ఈయనకు? పదేండ్లసంది పరుస్తున్న. నాకు పని రాదని అందరికీ చూపిస్తున్నడు!"

మిగిలిన ఆడవాళ్లూ వెళ్లి ఆమె పక్కనే కూర్చున్నారు.

అంతలో మబ్బు పట్టింది. ఎండిన ఆకు తడిస్తే నల్లబడిపోతుంది. నేనొక్కడినే కట్టలు గోతాల్లోకి ఎత్తసాగాను. ఎవరూ కదల్లేదు. చివరికి ముత్తమ్మ దగ్గరికి వెళ్లి, "తప్పైంది అక్కా, నీతో చెప్పాల్సింది" అన్నాను.

"గీ ముక్క ముందే అంటే నీ నోట్లకెళ్లి ముత్యాలు రాలుతయా?" అంటూనే లేచింది. ఆమె వెంట అందరూ లేచారు. అయినా సగం తడిసింది.

నీ మీద కోపంగా ఉందన్నా. పన్నెండేళ్లు మాటలన్నీ నువ్వే మాట్లాడావు. తప్పు చేసినవాళ్ల పక్కన కూర్చుని ఏదో చెప్పేవాడివి, వాళ్లు నవ్వుతూ సరిచేసుకునేవాళ్లు. నేను దూరం నుంచి చూశానే గాని వినలేదు. తడిసిన ఆకు రేపు మళ్లీ పరవాలి. ముత్తమ్మతో ముందుగా ఏమనాలి?