దసమంతపూర్ నీలం పురుగు

జూన్ 21, ఆదివారం. కొరాపుట్.
పొద్దున్నుంచీ వాన. కిటికీ మూసినా గదిలో చెమ్మ. పురుగుల పెట్టెల్లో కలరా ఉండలు మార్చాను.
భారతి ఫోన్. ఆదివారం కదా. "మన నీలం ఎలాగుందే?" అంది. నేనెలా ఉన్నానని కాదు.
భువనేశ్వర్‌లో యూనివర్సిటీ ఉద్యోగం వచ్చి, ఇన్నాళ్లూ నాతో కలిసి పురుగులు పట్టిన తను వెళ్లిపోయాక మా మధ్య మిగిలిన మాట ఇదొక్కటే — దసమంతపూర్ పొలాల్లో దొరికే నీలం పేడపురుగు. ఎవరూ పేరు పెట్టని కొత్త జాతి అని తన నమ్మకం. వ్యాసం రాసేసింది. రాసినవాళ్లలో నా పేరూ పెట్టింది. మగపురుగు బొమ్మలు నేను వేసి పంపాలి. దొరికినవన్నీ ఆడవే మరి.

జూన్ 25
కాలేజీ. ప్రాక్టికల్స్. సాయంత్రం ఇంటికొచ్చి తాళం తీస్తుంటే తెలిసింది — క్లాసులో తప్ప ఇవాళ ఎవరితోనూ మాట్లాడలేదు.

జూలై 2. దసమంతపూర్.
మొదటి బస్సు. వాన తెరిపిచ్చింది. రాగుల చేల పక్కన, ఎండ పడిన చోట, పశువులు వేసిన పేడ ఇంకా మెత్తగా... నేలకు జానెడెత్తున ఎగురుతూ వచ్చి వాలుతున్నాయి. ముందు పచ్చవి — మన దేశంలో చాలాచోట్ల ఉండే రకం. తర్వాత ఒక నీలం. ఎండలో దాని వీపు — ఏం చెప్పను, ఆ రంగు చూస్తే భారతిని తప్పుపట్టలేను.
రెండు నీలాలు పట్టాను. భూతద్దంలో చూస్తే ముంగాలి కొసన ముల్లు మొద్దుగా ఉంది. మగవి. రెండూ మగవే!
గట్టిగా అరిచాను. పక్కన ఎవరూ లేరు.
పశువులు కాసే ముసలావిడ ఇక్కడి దేశియా ఒడియాలో అడిగింది — నీతో వచ్చే ఆ పొట్టి పిల్ల ఏదీ, పెళ్లయిపోయిందా అని. లేదు, పెద్ద ఊరెళ్లిపోయింది అన్నాను. ఆవిడ నాలుక చప్పరించి పశువుల వెనక వెళ్లిపోయింది.

జూలై 4
నీలం మగవాటిని వేడినీళ్లలో నానబెట్టి, పొట్ట కొస నుంచి సూదితో జననాంగం బయటికి లాగాను. వీటిలో చివరికి జాతిని తేల్చేది అదే. రంగు ఊరికొకలా మారొచ్చు, అది మారదు. పెట్టెలోంచి పచ్చ మగదాన్ని తీసి దానిదీ పక్కన పెట్టాను.
ఒకటే. కొస వంపు, గోటి ఆకారం, అన్నీ. తలముందు అంచు, ముంగాలి పళ్లు, వీపు మీది గరుకు — ముందు అన్నీ చూసినవే, మళ్లీ చూశాను. తేడా లేదు.
కొత్త జాతి కాదు. పచ్చదే, నీలంగా పుట్టింది.
అన్నం వండలేదు. అటుకులు తిన్నాను.

జూలై 5, ఆదివారం
"మగది దొరికిందా?"
"ఇంకా లేదు," అన్నాను.
ఎందుకన్నానో నాకు తెలుసు. ఈ సంగతి తేలిపోతే వచ్చే ఆదివారం ఏం అడగడానికి ఫోన్ చేస్తుంది?

జూలై 19. రామనగుడ.
అప్ప వాళ్లింటికి. పశువుల సాలకీ చెరుకు తోటకీ మధ్య, బావ విప్పి కట్టే ఎద్దుల దగ్గర, ఇక్కడా ఉన్నాయి. పచ్చవి, కొన్ని నీలంలోకి తిరిగిన పచ్చవి, ఒకటి దాదాపు నీలమే. మధ్య రంగులన్నీ ఒకే పేడ మీద. కొన్ని పట్టి సీసాలో వేసుకున్నాను. ఇంక అనుమానం లేదు.
వంగి చూస్తుంటే అప్ప వచ్చింది. "ఒలే, ఎవల్తో మాటాడతన్నావే?"
ఎవరితోనూ కాదన్నాను. నేను మాట్లాడుతున్నట్టు నాకే తెలీదు.
అన్నం పెడుతూ మొత్తం చెప్పించుకుంది. పురుగు సంగతి తనకేమీ పట్టలేదు. "భారతికి సెప్పేయే అమ్మీ. కోపమొస్తే రానీ. అబద్దమాడి ఎన్నాళ్లు మాటాడతావు దాన్తోటి?"
"మాటలు మానేస్తే?"
"మానేస్తే మానేస్తాది. పెరుగేసుకో."

ఆగస్టు 2, ఆదివారం
చెప్పాను. మగవి జూలైలోనే దొరికాయనీ చెప్పాను.
భారతి అంది — "కంటికంత నీలంగా కనపడతంటే ఇంకేటి కావాలే నీకు? రంగు సాలదేటి?"
చాలదన్నాను. అది తనకి తెలీక కాదు. మొదటి పురుగు కోయడం నాకు నేర్పింది తనే.
"నెల్రోజులు దాసేవు," అంది. "నేనెల్లిపోయేనని కసి నీకు. అది సెప్పు ముందు."
పెట్టేసింది.
కసా? ...కొంచెం ఉందేమో.

ఆగస్టు 9
ఫోన్ లేదు.

ఆగస్టు 16
లేదు. మధ్యాహ్నం బజారుకెళ్లి, అక్కర్లేకపోయినా దుంపలు కొన్నాను. అమ్మే ఆవిడతో బేరమాడాను.

ఆగస్టు 22
భారతి మెసేజ్. వ్యాసం పంపించేస్తోందట. నీ పేరు తీసేస్తున్నాను, అంతే ఉంది.
చాలాసార్లు రాసి చెరిపి చివరికి ఇది పంపాను — నా పేరు తీసేయ్. నీలాన్నీ తీసేయ్. తర్వాత ఎవరో ఒకరు కోసి చూస్తారు, అప్పుడు నీ పేరే పోతుంది.
చూసింది.

ఆగస్టు 30
దసమంతపూర్ వెళ్లలేదు. నీలం పురుగుల పెట్టె తెరవలేదు.

సెప్టెంబరు 6, ఆదివారం
తలుపు చప్పుడు. పాలవాడనుకున్నాను.
భారతి. భుజాన సంచి, రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చిన మొహం. చిక్కింది. "లోపలికి రమ్మనవేటి?"
సాయంత్రం రైలుకే తిరిగెళ్లిపోవాలని వస్తూనే చెప్పింది. టీ తాగలేదు. వ్యాసం పంపావా అని అడిగితే సంచి దించి గదంతా చూసింది. "మైక్రోస్కోపెక్కడెట్టేవు?"
మధ్య గదిలో బల్ల మీదే ఉందన్నాను. పురుగులు వద్దంది. జననాంగాలు మాత్రమే చిన్న గాజుపళ్లేల్లో వేసి ఇమ్మంది — దసమంతపూర్‌వి, రామనగుడవి, కలిపేసి. "ఏది నీలందో ఏది పచ్చదో నాకు సెప్పకు. ఏరు సెయ్యగలిగితే నేనే ఏరు సేస్తాను."
సర్ది ఇచ్చాను. పక్కనే కుర్చీ వేసుకోబోతే —
"బైటికెల్లు. నీ మొహం సూసి తెలిసిపోతాది నాకు."
వంటింట్లో పీట మీద కూర్చుని ఇది రాస్తున్నాను. పప్పు దించాను. వంకాయ వేయించాను, తనకిష్టమని. లోపల కుర్చీ కిర్రుమంటోంది, అప్పుడప్పుడూ దగ్గు. ఈ ఇంట్లో ఇంకో మనిషి దగ్గు విని ఎన్నాళ్లయిందో.
ఒకసారి పిలిచింది. "ఒలే..."
గుమ్మం దాకా వెళ్లాను. తల ఎత్తలేదు. కన్ను అద్దానికి ఆనించే ఉంది.
"ఏటీ లేదు. మల్లీ మొదట్నించీ సూడాలి."
"చూసుకో," అన్నాను.
వెలుతురు తగ్గుతోంది, దీపం వేసి వచ్చాను. ఇప్పుడు బయల్దేరితేనే రైలు అందుతుంది. నేను చెప్పలేదు. తనూ టైమెంతని అడగలేదు.